గార్డు మొరగడం మానేసింది

పశువైద్య కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న హైమకు, పాతకాలపు పశువైద్యుడు పరాంకుశం గారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన మూడో నెలలోనే ఒక కుక్క కొరకరాని కొయ్యయింది.

దాని పేరు గార్డు. ఊరవతల రైల్వే గేటు కాసే గుర్నాథంది. పెళ్ళాం పోయాక ఆయన మాట్లాడేది ఆ కుక్కతోనే. వెనక తొడ మీద ముల్లు గీరినంత గాటు పడింది, అంతే. దానికే ఊరు లేచేలా అరుస్తోందని ఆసుపత్రికి తెచ్చాడు. హైమ గాటు కడిగి, నొప్పి తగ్గే సూది వేసి పంపింది. ఇంత చిన్న దెబ్బకు ఇంత గోలేమిటని లోలోపల నవ్వుకుంది కూడా.

మర్నాడు పొద్దున్నే గుర్నాథం దాన్ని చేతుల మీద మోసుకొచ్చాడు. అరుపు ఆగిందంటే నెమ్మదించినట్టేనని చెప్పింది హైమ.

"రైలొచ్చినా మొరగలేదమ్మా," అన్నాడాయన.

పరాంకుశం గారికి చూపు పోయి నాలుగేళ్లు. ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చారు. హైమను కళ్లు మూసుకోమన్నారు. ఆమె చెయ్యి పట్టుకుని గాటు మీద కాకుండా, దానికి జానెడు ఎగువన, చర్మం నున్నగా ఉన్నచోట పెట్టించారు.

లోపల గాలి బుడగలున్నట్టు వేళ్ల కింద చర్మం చిటచిటలాడింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. మగతలో ఉన్న కుక్క సన్నగా మూలిగి వణికింది.

"గాయం ఎంతుందో కళ్లతో చూశావు. నొప్పి ఎక్కడుందో చేత్తో అడగలేదు," అన్నారాయన.

హైమకు అప్పుడు అర్థమైంది. పైన చర్మం బాగానే ఉంది, లోపల కండ కుళ్లుతోంది. అది చెప్పుకోబోతే తను సూది వేసి నోరు మూయించింది.

వెంటనే మత్తిచ్చి కోసింది. కుడితి లాంటి రసం కారింది. చచ్చిన కండ వేలు తగిలితే చాలు విడిపోతోంది. నెత్తురు చిమ్మే మంచి కండ కనబడేదాకా కోసి తీసింది. రసాన్ని పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా మందులు మొదలుపెట్టింది. కాలు దక్కకపోవచ్చని, ప్రాణం సంగతీ ఇప్పుడే చెప్పలేనని గుర్నాథంతో అనలేకపోయింది.

నాలుగో రోజు సాయంత్రం దూరంగా రైలు కూత వినబడింది. గార్డు తలెత్తి ఒక్కసారి మొరిగింది. గుర్నాథం గోడ వైపు తిరిగి ఏడ్చేశాడు.

కాసేపటికి హైమకు ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఆసుపత్రి వెనక గదిలో మూడు నెలలుగా ఒక్కతే వండుకుని, ఒక్కతే తింటోంది. ఆదివారాలు మరీ గడవవు. అయినా రోజూ చెప్పినట్టే, బాగానే ఉన్నానని నవ్వుతూ చెప్పి పెట్టేసింది.

వరండాలో ఉన్న పరాంకుశం గారు ఆ నవ్వు విన్నారు. ఆమెను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు.

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నారు.