షావుకారు గారూ అన్నారని

కొండ అంచున నువ్వుల చేలన్నీ పులి దొరవి. సంత కూడా ఆయనదే. మధ్యలో ఒక్క గానుగ మాత్రం మైలన్న అనే ఎద్దుది. ఏళ్ల తరబడి పరాయి బండ్లు లాగి, కడుపు కట్టుకుని సంపాదించుకున్న గానుగ. దొర పోసిన నువ్వులు ఆడించిపెడితే తెలకపిండీ, కాస్త నూనే మిగిలేవి. ఎవరైనా పలకరిస్తే, "యజమానీ నేనే, ఎద్దూ నేనే!" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. బస్తాలు మోయడానికి పోలి అనే ఆడగాడిదను పెట్టుకున్నాడు. తెలకపిండి ఇద్దరూ కలిసే తినేవారు.

ఆ పాడు ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం దొరగారి చేలో బస్తాలు మోస్తున్న ఒక గాడిద సొమ్మసిల్లి పడిపోయాడు. లేచేలోపే దొరగారు వాణ్ణి భోంచేసేశారు. వాడు పోలికి స్వయానా తమ్ముడు. మర్నాడు గాడిదలన్నీ బస్తాలు దించేసి కూర్చున్నాయి.

"మిట్టమధ్యాహ్నం కాసేపు నీడన నిలబడనివ్వాలి, అంతే అడుగుతున్నాం," అంది పోలి. "నువ్వూ గానుగ ఆపేయ్ అన్నా. అడవికంతా ఉన్నది ఇదొక్కటే. సంతలో నూనె లేకపోతే దొర దిగిరాక చస్తాడా?"

మైలన్నకు తలూపాలనే అనిపించింది. ఊపేవాడే. ఇంతలో ఊడిపడ్డాడు దొరగారి గుమాస్తా, నక్క.

"షావుకారు గారూ, కులాసానా?"

మైలన్న వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అనుకుని. పుట్టి బుద్ధెరిగాక తననెవరూ 'గారూ' అనలేదు మరి!

"మిమ్మల్నేనండీ. దొరకి చేలు, మీకు గానుగ. మీరూ మీరూ యజమానులు. ఇవాళ వీళ్లకి నీడ ఇస్తే రేపు మీ పోలి పరుపు వేయమంటుంది. అప్పుడేం చేస్తారు?"

"అదీ నిజమే," అన్నాడు మైలన్న.

"వాడు నిన్ను ఉబ్బేస్తున్నాడన్నా! ఒక్కసారి నీ మెడ తడిమి చూసుకో, కాడి ఒరుసుకుపోయి ఎలా ఉందో!"

"నోర్ముయ్! షావుకారుతో మాట్లాడే తీరు ఇదేనా?" అని పోలి మీద గయ్యిమన్నాడు మైలన్న.

ఆ పూట నుంచి బస్తాలు కూడా తనే మోశాడా పిచ్చి మారాజు. మోసి, గానుగ తిప్పి, నోట నురగలు కక్కుకుంటూ సంతకి నూనె పంపాడు. నూనెకి లోటు లేకపోయాక దొరగారికి తొందరేముంది? గాడిదలు ఆకలికి తాళలేక ఒక్కొక్కటే మళ్లీ బస్తాల కిందకి వచ్చేశాయి. పోలి మాత్రం రాలేదు. దాన్ని వాగు దగ్గర కాపు కాసి దొరగారు తినేశారు. ఆ కబురు విన్న పూట మైలన్నకి తెలకపిండి గొంతు దిగలేదు. అయినా పని ఆపలేదు.

తొలకరి పడకముందే నక్క మళ్లీ వచ్చాడు. "ఒరే మైలా, ఇకనుంచి నీకు నువ్వులు పోయం. గానుగ దొరకి రాసిచ్చెయ్. తిప్పుతూ పడుంటే గడ్డి వేస్తాం."

"అదేంటయ్యా! నేనూ యజమానినేనని నువ్వే కదా అన్నావు!"

"నువ్వులు దొరవి, సంత దొరది. నీకున్నదల్లా ఆ రోలూ రోకలీ. అవి తిని బతుకు, చూద్దాం!"

మైలన్న పడుతూ లేస్తూ గాడిదల దగ్గరికి పరిగెత్తాడు. "ఒక్క పూట బస్తాలు దించండి, మీకు దండం పెడతాను! నా గానుగ పోతోంది!"

బస్తా కింద నుంచి ఒక ముసలి గాడిద తలెత్తాడు. "యజమానుల గొడవలో మేమెందుకు షావుకారు గారూ," అని మళ్లీ తల దించుకుని నడిచిపోయాడు. ఆ గొంతులో ఎగతాళి కూడా లేదు, ఒట్టి అలసటే.

ఇప్పుడా గానుగ మిట్టమధ్యాహ్నం కూడా ఆగదు. తిప్పేది మైలన్న, నూనె దొరది. మైలన్న కాలు తడబడినప్పుడల్లా పక్కనే పొదలో దొరగారు ఒళ్లు విరుచుకుంటారు.

నీతి: చెమటోడ్చి బతికేవాడు ఒక్క పిలుపుకి మురిసి పెద్దల పక్కన చేరితే, సొత్తూ మిగలదు, తోడూ మిగలదు.