తొట్టి దగ్గర దుప్పి

మే నెల ఎండ ఎలా ఉంటుందో నన్నడక్కండి, ఎర్రగుట్ట అడవిలో దుప్పినడగండి. వాగు ఎండి రాళ్ళు తేలాయి. అడవికంతా మిగిలింది ఒక్క సిమెంటు తొట్టి. రోజూ మధ్యాహ్నం ట్యాంకరొచ్చి దాన్ని నింపి పోతుంది. కాసేపటికి జంతువుల్ని చూడాలని ముచ్చటపడే జనంతో ఒక జీపు వచ్చి, కాస్త దూరంలో ఆగి, పొద్దు వాలేదాకా కాచుకుంటుంది. చీకటి పడ్డాక తొట్టి చిరుతది. ఇంకెవరూ అటు తొంగి చూడరు.

ఆ చల్లటి నీళ్ళ మీద నక్క కన్ను పడింది. తానొక్కటే హాయిగా అందులో పడుకోవాలి, తోపులాట ఉండకూడదు. అందరినీ పిలిచి గొంతు తగ్గించింది.

"జీపులో వాళ్ళు కళ్ళకి నల్ల గొట్టాలు పెట్టుకుంటారే, చూశారా? వాటిలో ఎవరు కనబడితే వాళ్ళని జూకి పట్టుకుపోతారు. మీ మేలు కోరి చెబుతున్నా, తర్వాత మీ ఇష్టం."

"అమ్మో! పిల్లలు గలదాన్ని!" అంది అడవిపంది.

అంతే, అందరూ గుట్టెక్కి దాక్కున్నారు. ట్యాంకరు వెళ్ళగానే నక్క తొట్టిలో దిగేది, జీపు చప్పుడు వినగానే అబద్ధం బయటపడకుండా పొదలో దూరేది. తెల్లవారుజామున చిరుత వదిలిన అడుగునీళ్ళే మిగతావాళ్ళకి గతి.

ఒకరోజు దుప్పి పిల్ల లేవలేకపోయింది. నాలుక బయటపెట్టి తల్లి కాళ్ళ దగ్గర ఒరిగిపోయింది. దాన్ని నాకుతూ దుప్పి ఏడుస్తుంటే, జీపు పక్క చెట్టు ఆకుల చాటున దాక్కుని ఉండే కొండముచ్చు పరుగున వచ్చింది.

"కొంప మునిగింది దుప్పక్కా! జీపులో వచ్చే అడవి గార్డు ఫోనులో చెబుతున్నాడు. ఇక్కడికి ఒక్క జంతువూ రావట్లేదట. రేపట్నుంచి ట్యాంకరు ఇటు వద్దంటున్నాడు!"

వెనకే నక్క రొప్పుతూ వచ్చింది. పొదలోంచి అదీ విన్నది. "ఎవరైనా వెళ్ళి ఒక్కసారి కనబడండర్రా!"

దుప్పి తలెత్తింది. "కనబడితే పట్టుకుపోతారన్నావుగా, నక్క మామా?"

"అదీ... ఒక్కసారికేం కాదులే."

"అయితే నువ్వే వెళ్ళు. తెలివైనవాడివి, తప్పించుకోగలవు. తిరిగొస్తే మేమూ వెళ్తాం. రాకపోతే రోజూ నిన్ను తలుచుకుంటాం."

కొండముచ్చు నవ్వాపుకోలేక కొమ్మ పట్టుకుంది. నక్కకి పచ్చి వెలక్కాయ గొంతులో పడింది. వెళ్తే అబద్ధం బయటపడుతుంది, వెళ్ళకపోతే నీళ్ళు పోతాయి. ఉసూరుమంటూ దిగి తొట్టి ముందు నిలబడింది. గొట్టాలన్నీ అటు తిరిగాయి. "అబ్బ, నక్క!" అని ఎవరో గుసగుసలాడారు. జీపులోంచి ఒక్కరూ కాలు కింద పెట్టలేదు.

"ఏం మామా, జూ చూసొచ్చావా?" అంది కొండముచ్చు, నక్క తిరిగి రాగానే.

దుప్పికి తిట్టే ఓపిక కూడా లేదు. పిల్లను మూతితో లేపి, మెల్లగా నడిపించుకుంటూ దిగింది. వెనకే అందరూ దిగారు. పిల్ల ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టి గటగటా తాగింది.

జీపులో ఓ పెద్దావిడ గొట్టాలు దించి కళ్ళు తుడుచుకుంది. "నీ పుణ్యమా అని ఈ వయసులో ఇది చూశాను నాయనా," అంది గార్డుతో. గార్డు అప్పటికే ఫోను తీశాడు. "సార్, ట్యాంకరు ఆపకండి. పిల్లాజెల్లాతో అందరూ వచ్చారు!"

కడుపునిండా తాగి, దుప్పి జీపు వైపు తిరిగి నిలబడింది.

"పద, వెళ్దాం," అంది పంది.

"ఉండవే. నీళ్ళిచ్చినవాళ్ళు, కళ్ళారా చూసుకోనీ. నా బిడ్డ బతికింది. ఇంతకంటే నేనేం ఇవ్వగలను వాళ్ళకి?"

నక్క మెల్లగా తొట్టి దగ్గరికి చేరబోతే పంది అడ్డు నిలిచింది. "పిల్లలు తాగాక, పెద్దలు తాగాక, నువ్వు." దాని వంతు వచ్చేసరికి పొద్దు గూకింది, గుట్ట వెనక చిరుత గుర్రుమంది. నక్క ఎండిన నోటితోనే పరుగు లంకించుకుంది.

నీతి: మేలు చేసినవాళ్ళకి మొహం చాటెయ్యకూడదు.