ఈదమ్మ చెలమ

ఏ తాతకు ఏ తాత చెప్పాడో, కళ్లారా చూసినవాడు మాత్రం ఎవడూ లేడు. అప్పటికి ఈ అడవికి కంచె లేదు, గేటు లేదు, బోర్డు లేదు. అంత పాతకాలంలో వాగు ఒడ్డు గూడెంలో ఈదమ్మ అని ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తేనెకు చెట్లెక్కే సత్తువ లేదు. ఆమెకు చేతనైంది ఒక్కటే, చెలమ తవ్వడం.

చెలమంటే తెలుసుగా? వాగు ఎండిపోయాక ఇసుకలో గొయ్యి తీస్తారు. తవ్వగా తవ్వగా అడుగున నీళ్లు ఊరతాయి. గూడెంవాళ్లు కడవలు నింపుకుని, మెకాలు మూతి పెట్టకుండా పైన ముళ్లకంప వేసి పోయేవాళ్లు. ఈదమ్మ మాత్రం తన చెలమ మీద కంప వేసేది కాదు. "వాటికి మాత్రం గొంతులు ఎండవా?" అనేది. దాంతో దుప్పులు, కణుజులు, అడవిపందులు అన్నీ ఆ చెలమకు మరిగాయి.

ఆ రోజుల్లో చెలమకు ఒక కట్టుబాటు ఉండేది. ఒకే చెలమ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ వాన పడేదాకా ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు. ఎంత పగ ఉన్నా సరే. తప్పినవాడికి ఏ గూడెంలోనూ గుక్కెడు నీళ్లు పుట్టవు.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. అడవిలో మెకాలన్నీ ఈదమ్మ చెలమకే వస్తున్నాయని ఈ ప్రాంతాన్ని ఏలే దొర చెవిన పడింది. వేటగాడికి ఇంకేం కావాలి? తుపాకి పట్టుకుని దిగాడు. గూడెం మగవాళ్లచేత చెలమకు ఎదురుగా మంచె కట్టించాడు.

ఈదమ్మ ఆ మంచె చూసింది. నీళ్లిచ్చి పిలిచి చంపించినట్టయిందే అని కుమిలిపోయింది. పోయి దొర కాళ్ల మీద పడింది.

"దొరా, అవి నన్ను నమ్మి వస్తున్నాయి. వదిలెయ్యి నాయనా."

"పోవే ముసలీ. నీళ్లు నీవి, వేట నాది," అని నవ్వాడాయన. మహా గొప్ప నవ్వులే.

ఏం చేస్తుంది పాపం? తుపాకి పేలకముందే ఆ చెలమ పూడ్చేసింది. వాగు వెంట పైకి పోయి ఇంకోటి తవ్వింది. మంచె అక్కడికి వచ్చింది. అదీ పూడ్చేసింది. ఇంకా పైకి పోయి మూడోది తవ్వింది. మంచె అక్కడికీ వచ్చింది. ఈదమ్మ గోళ్లు చిట్లి నెత్తురు కారుతోంది. ఇక నాలుగోది తవ్వలేదు. చెలమ పక్కనే కూలబడింది. మనిషి వాసనకు దుప్పులు దగ్గరికి రాలేక దూరంగా నిలబడ్డాయి. తను లేస్తే వాటికి తుపాకి, కూర్చుంటే దాహం. ఎటూ పాలుపోక ఏడ్చేసింది.

మిట్టమధ్యాహ్నమైంది. మంచె మీద దొర నీళ్ల తోలుతిత్తి ఖాళీ అయింది. కళ్లు తిరుగుతుంటే కిందికి దిగాడు. దొరతనం ఏ కొమ్మకు తగిలించి వచ్చాడో గానీ, "అవ్వా, గుక్కెడు నీళ్లు," అన్నాడు.

ఇంకెవరైనా అయితే నాలుగు మాటలని ఉండేవాళ్లు. ఈదమ్మ ఆ నెత్తురు చేతులతోనే ముంచి తాగించింది. "మెల్లగా నాయనా, పొలమారుతుంది," అంది. కడుపు నిండా తాగి మంచె నీడకు పోయాడు. అప్పుడు తట్టింది ఆమెకు. లేచి తనూ మంచె దగ్గరికి జరిగింది.

ఒక దుప్పి పిల్లను వెంటేసుకుని వచ్చి చెలమలో మూతి పెట్టింది. దొర చెయ్యి తుపాకి మీదికి పోయింది.

"నువ్వు తాగిన చెలమ నీళ్లే అది తాగుతోంది నాయనా," అంది ఈదమ్మ.

"కట్టుబాటు మనుషులకు. మెకాలకేంటి?"

"నీళ్లు ఊరేటప్పుడు చెలమ మనిషా మెకమా అని చూస్తుందా దొరా?"

మంచె కట్టి కిందే కాపున్న మగవాళ్లలో బయ్యన్న పెద్దవాడు. అంతవరకూ నోరెత్తని మనిషి ముందుకొచ్చాడు. "కాల్చుకోండి దొరా. కానీ ఇల్లు చేరేదాకా ఏ గూడెమూ మీకు నీళ్లియ్యదు. మేమూ ఇవ్వం."

దొర ఎండను చూశాడు. ఖాళీ తిత్తిని చూశాడు. తల్లిని ఆనుకుని తాగుతున్న పిల్లను చూశాడు. తుపాకి దించేశాడు.

"తిత్తి నింపు అవ్వా. ఇంటికి పోతాను," అన్నాడు.

ఇక ఈదమ్మ ఊరుకుంటుందా? ప్రతి వేసవీ అడవి మొదట్లోనే మెకాలకూ మనుషులకూ కలిపి ఇంకో చెలమ తవ్వేది. విల్లుతో వచ్చినా, ఉచ్చుతో వచ్చినా, తుపాకితో వచ్చినా ఎదురెళ్లి మరీ తాగించేది. ఆ ఎండలో వద్దనేదెవడు? తాగినవాడు తలొంచుకుని వెనక్కి పోయేవాడు. అలా చేసి చేసి ఒక వేసవిలో ఆ చెలమ పక్కనే ఒరిగిపోయింది. గూడెం గూడెమంతా తల్లి పోయినట్టు ఏడ్చింది.

అభయారణ్యమని బోర్డు పెట్టింది మొన్న మొన్ననే. అంతకు ఎంతో ముందు నుంచే ఇక్కడ వేట లేదు. ఇప్పటికీ ఎండలు ముదరగానే ఇంటికొకరు పోయి చెలమలు తవ్వుతాం. దేని మీదా కంప వెయ్యం. ఎవడైనా నోరులేని దాని మీద చెయ్యెత్తితే, "ఈదమ్మ నీళ్లు తాగలేదట్రా నువ్వు?" అని అడుగుతాం. ఆ మాటకు తల దించని మొనగాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

కొత్తగా అడవి చూడ్డానికొచ్చినవాళ్లకు ముందు ఆ నీళ్లే ఇస్తాం. మీ సీసాలు పక్కన పెట్టండి. ఇంద, దోసిలి పట్టండి.