బొట్టు లేని తలుపు

ఇటు తిరిగి పడుకో బంగారం. చెయ్యి నా మీద వెయ్యి. ఈ కథ మా అమ్మమ్మ నాకు చెప్పింది. ఎప్పుడు చెప్పినా సగంలోనే నిద్రపోయేదాన్ని కాబట్టి, మిగతాది నేనే కుట్టుకున్నాను. ఎక్కడైనా కుట్టు వంకరపోతే మా అమ్మమ్మని ఏమీ అనకు.

అనగనగా, సముద్రం ఆవులిస్తే వినిపించేంత దగ్గర్లో, ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒకటే వీధి. ఆ వీధి చివరింట్లో సూరాంబ అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన గాజుల మలారం భుజాన వేసుకుని, అమ్ముకుంటూ ఊళ్ళమ్మట తిరిగేవాడు. ఇంట్లో సూరాంబ, కూతురు నీలవేణి, మిగిలినచోటంతా గాజుల పెట్టెలు.

వాళ్ళు ఆ ఊరొచ్చి ఏడాది కావస్తోంది. ఒక్కరు కూడా వాళ్ళ గడప తొక్కలేదు. ఊళ్ళోవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కొత్తగా వచ్చింది, తనే పిలుస్తుందిలే అని వాళ్ళు. పాతకాపులు, వాళ్ళే పిలుస్తారులే అని ఈవిడ. ఇలా ఒకళ్ళ మర్యాదకి ఒకళ్ళు అడ్డం తప్పుకుని, తప్పుకుని, ఎవరింట్లో వాళ్ళే ఉండిపోయారు.

అప్పుడు శ్రావణ శుక్రవారం వచ్చింది. సూరాంబ పొద్దున్నే కలశం పెట్టి, చామంతులు చుట్టి, పూజ చేసుకుంది. భోజనాలయ్యాక నీలవేణి అమ్మవారి ముందు చతికిలబడి, "అమ్మా, ఇంత బాగా చేశావు కదా, చూడ్డానికి మనింటికి ఎవరూ రారా?" అని అడిగింది.

"ఎందుకు రారు? సాయంత్రం పేరంటం" అంది సూరాంబ. అనేశాక తనే ఉలిక్కిపడింది. నోరు ముందు పరిగెత్తితే మనిషి వెనకాల రొప్పుతూ పోవాల్సిందే. నా సంగతీ అంతేగా.

పేరంటానికి పెద్దగా ఏం కావాలి? పసుపు ఉంది. తమలపాకులు పెరట్లోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళ కొంగులో పొయ్యడానికి నానిన శనగలు కావాలి. అవే లేవు. శనగలు ముందురోజు రాత్రే నీళ్ళలో పడాలి. డబ్బాలో ఉన్నవి చూస్తే గులకరాళ్ళకి దగ్గర చుట్టాల్లా ఉన్నాయి.

అప్పుడు సూరాంబ వాటిని గోరువెచ్చటి నీళ్ళలో పోసి, గిన్నె ఎండలో పెట్టింది. ఎండ ఓసారి తొంగిచూసి మబ్బు కప్పుకుని పడుకుంది. ఆ తర్వాత గిన్నె తెచ్చి పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పెట్టింది. పొయ్యి కూడా కునుకు తీస్తోంది. ఆ తర్వాత నీలవేణి గిన్నెని ఒళ్ళో పెట్టుకుని జోల పాడింది. పిల్లలు నిద్రలోనే పెరుగుతారని వాళ్ళమ్మ చెప్పిందట. శనగలకీ అదే పద్ధతి అనుకుంది.

ఇక పిలుపులు. పేరంటానికి ఊరికే రారు, బొట్టు పెట్టి పిలవాలి. సూరాంబ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. వీధిలో సన్నటి తుప్పర. పండగ బూరెలు తిని ఊరు ఊరంతా నిద్రపోతోంది. తలుపులన్నీ దగ్గరగా వేసున్నాయి. లోపల గురకలు, దూరంగా సముద్రం గురక. ఏది ఎవరిదో తెలియడంలేదు.

మొదటిల్లు వీధికల్లా పెద్దావిడ గవరమ్మది. సూరాంబ తలుపు కొడదామని చెయ్యెత్తింది. నిద్ర చెడగొట్టి పిలిస్తే ఏమనుకుంటుందో అని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంట్లో మనిషి లేకపోతే తలుపుకి బొట్టు పెట్టి, పక్కింట్లో చెప్పి వెళ్ళడం ఆచారం. సూరాంబ తలుపుకి బొట్టు పెట్టింది. చెబుదామని చూస్తే పక్కింట్లోనూ గురకే. ఆ తలుపుకీ పెట్టింది. అలా చినుకు పడని చోటు చూసి, చూరు కింద, వీధి పొడుగునా పెట్టుకుంటూ వచ్చేసింది. చేతి గాజులు గలగలమనకుండా మోచేతుల దాకా తోసుకుంది. గాజులాయన పెళ్ళాం చప్పుడు చెయ్యకుండా నడిచిందంటే చూడు మరి.

ఇంటికి రాగానే నీలవేణి, "పేరంటం మనింట్లోనే అని ఎవరితో చెప్పావమ్మా?" అంది.

సూరాంబ ఆలోచించింది. "తలుపులతో" అంది.

అప్పుడు తెలిసింది చేసిన పని. మళ్ళీ వెళ్దామంటే వీధి నిద్రలేచింది, తలుపులు తెరుచుకుంటున్నాయి. దొంగతనంగా బొట్లు పెట్టిపోయింది నేనేనని ఏ మొహంతో చెప్పడం? ఇక వెళ్ళలేదు. దీపం వెలిగించి, చాప పరిచి, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

పొద్దువాలింది. వీధి మొదట్లో గాజుల గలగల వినిపించింది. కిటికీలోంచి చూస్తే పట్టుచీరలు గవరమ్మ ఇంట్లోకి వెళ్తున్నాయి. కాసేపటికి గవరమ్మతో కలిసి బయటికొచ్చి ఇంకో ఇంట్లోకి వెళ్ళాయి. ఆ తర్వాత మరో ఇంట్లోకి. అందరిళ్ళలోనూ పేరంటమే ఉన్నట్టుంది, మనింట్లో తప్ప అనుకుంది సూరాంబ. కిటికీ మూసేసింది. నీలవేణి మాత్రం గిన్నెలో చెయ్యి పెట్టి, "అమ్మా, ఇవి లావయ్యాయి" అంది. సూరాంబ వినిపించుకోలేదు.

అప్పుడు గాజులన్నీ ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి. వాన మెట్లెక్కి వచ్చినట్టుంది ఆ చప్పుడు. తలుపు తీస్తే, గుమ్మంలో గవరమ్మ. ఆవిడ వెనక వీధి వీధంతా.

"ఊరంతా తిప్పావు గదే తల్లీ" అంది గవరమ్మ. "పిలిచింది నువ్వా అంటే నువ్వా అని ఇల్లిల్లూ అడుక్కుంటూ వస్తున్నాం. అందరి తలుపులకీ బొట్టుంది. లేనిది ఇదొక్కటే. ఎవరి తలుపుకి వాళ్ళు బొట్టు పెట్టుకుని పిలుచుకోరుగా."

సూరాంబ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే వాళ్ళని కూర్చోమంది. చాప సరిపోక కొందరు గాజుల పెట్టెల మీద కూర్చున్నారు. ఒకావిడ పేరంటం పాట అందుకుంది. కదిలినప్పుడల్లా పెట్టెలు కూడా పాటలో కలిశాయి. సూరాంబ వాళ్ళ పాదాలకి పసుపు రాసింది, నుదుట బొట్టు పెట్టింది, కొంగులో శనగలు పోసింది. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగొచ్చేసరికి శనగలకి నానే తీరిక దొరికింది. గవరమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "కాస్త బిగువుగానే ఉన్నాయి. ఫరవాలేదు, ఈ ఇంటి గుర్తు రేపటిదాకా నా పంటి కిందే ఉంటుంది" అంది.

వెళ్తూ వెళ్తూ గవరమ్మ గుమ్మంలో ఆగింది. కుంకుమ భరిణె తీసుకుని ఆ తలుపుకి ఒక బొట్టు పెట్టింది.

"వచ్చే శుక్రవారం మా ఇంట్లో. నేను చెప్పి మరీ పెడుతున్నాను" అంది.

ఆ తర్వాత ఆవిడ వెనకావిడ పెట్టింది. ఒకళ్ళు వ్రతానికి, ఒకళ్ళు సీమంతానికి, ఇంకొకావిడ ఏ సందర్భమూ తోచక ఊరికే కబుర్లకి. తలుపంతా ఎర్రగా పూసింది.

అందరూ వెళ్ళాక సూరాంబ తలుపు వేద్దామనుకుంది. చెయ్యి ఎక్కడ పెట్టినా ఒక బొట్టు చెదిరేలా ఉంది. అందుకని వెయ్యలేదు. తెరిచిన తలుపులోంచి సముద్రం ఆవులింత ఇంట్లోకి వచ్చింది, నీలవేణిని తాకింది, ఇదిగో ఇప్పుడు నీ దాకా వచ్చింది.

బొట్లు తలుపుకి, శనగలు కొంగుకి,
చినుకులు చూరుకి, కునుకులు కంటికి,
కథ నడిచింది కంచి దారికి,
మనం దూరదాం దుప్పటి చాటుకి.