కడిగిన లొట్టి

ఆ లొట్టిలోకి తొంగి చూసి ఏం కనబడిందో చెప్పండి. మడ్డి లేదు, మసి లేదు, ఒక్క చీమ కూడా లేదు. ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి అప్పలస్వామి గురువు స్వయంగా తోమిన కుండ అది. శుభ్రంగా ఉంది అంటారు, అంతే గదా? ఎర్రన్నకి మాత్రం దాన్ని చేతిలోకి తీసుకోగానే అందులో ఏం లేదో తెలిసిపోయింది. అయినా చెట్టు మీదికి తీసుకెళ్ళాడు.

ఎర్రన్న తాటిచెట్లు గీసేవాడు. గీసిన కల్లు అమ్మేవాడు; చీకటిపడేసరికి అమ్మగా మిగిలిందీ, మిగలనిదీ తాగేవాడు. మాఘమాసంలో తాగి చెట్టెక్కినప్పుడు నడుముకి చుట్టుకున్న మోకు జారింది. మట్ట చేతికందింది గనక బతికాడు. భార్య సింహాలమ్మ ఏడవలేదు. ఇంకొక్కసారి తాగి కనబడితే మోకు పొయ్యిలో పెట్టి పుట్టింటికి పోతానంది. అన్నది చేసే మనిషి. ఎర్రన్న ఆనాడే ఒట్టేశాడు. కల్లు అమ్మకం మాని, గురువు మఠంలో తాటిబెల్లం వంటకి నీరా, అంటే పులవని తీపి తాటిరసం, దించే పనిలో చేరాడు. ఆ బెల్లం వండేది సింహాలమ్మే. ఇంత చేసినా, ఆమె కన్ను కప్పి మళ్ళీ తాగాడు. మళ్ళీ ఒట్టేశాడు, మళ్ళీ తాగాడు. ఇక దాగేది కాదని తెలిసి, ఆవేళ పొద్దున్నే గురువు ముందు కూలబడ్డాడు.

"ఒట్టేసుకుని లోపలంతా కడిగేసుకున్నాను గురువా. పొద్దు వాలేసరికి కాళ్ళు కల్లుపాక కేసే పోతన్నాయి. ఎందుకంటావు?"

గురువు ఒక లొట్టి తెమ్మన్నాడు, తోమాడు, వాసన చూసుకున్నాడు, చెట్టు మీద గీసిన గెలకి కట్టమని చేతికిచ్చాడు. ఎర్రన్న చెట్టెక్కి కట్టాడు.

సాయంత్రం దించేసరికి లొట్టి నిండా నురగ. పుల్లటి వాసన మఠం వాకిలంతా కొట్టింది. బెల్లం వండే పెనం ముందు కూర్చున్న సింహాలమ్మ లేచి వచ్చి, లొట్టిని కాదు, ముందు మొగుణ్ణి వాసన చూసింది. ఆపైన లొట్టిని చూసింది. పులిసిన నీరా బెల్లం అవదు, ఆ పూట వంట పోయింది. ఈయన తాగకపోతే కుండలకి తాగుడు నేర్పుతున్నాడు కాబోలు అంది.

గురువు వచ్చి, తాను అంతలా తోమిన కుండ ఎందుకు పులిసిందని అడిగాడు. ఎర్రన్న తల దించుకున్నాడు.

"ఎంత తోమితే ఏటి గురువా. ఉత్త లొట్టి పులవక మానదు. ఏ రోజుకారోజు లోపల సున్నం పుయ్యాల."

"తెలిసీ కట్టావా?"

"తమరు కడిగిచ్చిన కుండ. దానికి నేను వంక పెడతానా?" అన్నాడు. పొద్దున తానన్న మాట గుర్తొచ్చి ఆ లొట్టిలోకి తొంగి చూశాడు.

గురువు సింహాలమ్మ చేతిలోని తెడ్డు తీసి ఎర్రన్న చేతిలో పెట్టి, రేపటినుంచి సాయంత్రపు పెనం నీదే అన్నాడు. నీరా మరిగినంతసేపూ తిప్పాలి. చెయ్యి ఆగితే అడుగంటుతుంది, మనిషి కదిలితే పొంగిపోతుంది. చెట్లెక్కే మనిషికి ఒకచోట కూర్చోవడం గండమే. మొదట్లో మాడ్చాడు. ఇది బెల్లమా, బొగ్గా అని సింహాలమ్మ వేలితో తట్టి అడిగేది. తరవాత పాకం పట్టు తెలిసింది. దించిన వేడి పాకం తాటాకు దొన్నెలో పోసుకుని ఇద్దరూ ఊదుకుంటూ తాగేవారు. మోకు పొయ్యిలోకి పోలేదు.

వేసవి ముదిరాక ఎర్రన్న మళ్ళీ గురువు దగ్గరికి వచ్చాడు. దాచడం ఇష్టం లేక చెప్పాడు: తాగడం లేదు గానీ, పొద్దు వాలితే కాళ్ళు ఇప్పటికీ పాక వైపు లాగుతున్నాయి.

"లాగనీరా," అన్నాడు గురువు. "నిన్న పూసిన సున్నం ఇవాళ్టి లొట్టికి పనికొస్తుందా?"

మీరూ ఏదో ఒకటి కడిగే ఉంటారు. లోపల ఏం పూశారు?