ఓబుళవ్వ గుడ్డ కట్టిన పండు

ఎప్పటిదో కాలం, ఎక్కడిదో ఊరు. ఊ కొడుతూ వినండి, కొట్టకపోతే నేను చెప్పను.

ఆ ఊళ్ళో ఓబుళవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. పగలంతా నాలుగిళ్ళలో వడ్లు దంచేది. ఇంటికొచ్చి పెరట్లోని మూడు దానిమ్మ చెట్లకు బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. ఆ చెట్లతోనే మాట్లాడేది. ఇంకెవరున్నారు పాపం, మాట్లాడటానికి!

పండ్లు ఒక్కతే తిని, తొక్కలు ఎండబెట్టేది. పిల్లలకు కడుపు జారి విరేచనాలైతే ఆ తొక్క కషాయమే మందు. అన్నిటికన్నా పెద్ద పండును మాత్రం కోసేది కాదు. ఉడతలు కొరక్కుండా దానికి పాత గుడ్డ కట్టేది. ఎవరైనా వచ్చి కూర్చుంటే కలిసి తినాలని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ కోరలేదు.

ఒకనాడు కంసాలి భార్య వచ్చింది.

"అవ్వా, పిల్లోనికి కడుపు జారుతాండాది. రోంత తొక్క ఇయ్యి."

"ఇస్తా గానీ, రోంతసేపు కూసో తల్లీ. పండు ఒలుచుకుని తిందాం."

"ఇప్పుడు కాదులే అవ్వా, మళ్ళా వస్తా."

తొక్క తీసుకుని పోయింది. మళ్ళీ రాలేదు. గుడ్డలోని పండు చెట్టు మీదే పగిలిపోయింది.

మరుసటేడు గొర్రెల కాపరి భార్య వచ్చింది. "కూసో తల్లీ" అంది అవ్వ. "మళ్ళా వస్తా" అంది ఆమె. ఆ ఏడూ పండు పగిలిపోయింది.

మూడో ఏడు కుమ్మరి కోడలు చెన్నక్క వచ్చింది. "కూసో తల్లీ" అంటే కూర్చుంది కూడా! అవ్వ ముఖం విచ్చుకుంది. గబగబా చెట్టు దగ్గరికి వెళ్ళి గుడ్డ విప్పబోయింది. ఇంతలో చెన్నక్క లేచి నిలబడింది.

"బిడ్డకు కషాయం తాపల్ల అవ్వా. రేపు పొద్దున్నే వస్తా. నువ్వు పండు ఒలిచి పెట్టు."

మర్నాటికి బిడ్డ తేరుకుని నవ్వింది. ఆ సంతోషంలో చెన్నక్క అవ్వను మరిచిపోయింది. మనమైతే మరిచిపోమా ఏం!

మూడోనాడు గుర్తొచ్చి పరుగెత్తింది. ఓబుళవ్వ గోడకు ఆనుకుని, వాకిలి వైపు తిరిగి కూర్చుని ఉంది. ప్రాణం లేదు. ఎదురుగా రెండు ఆకు దొప్పల్లో దానిమ్మ గింజలు, సమంగా పంచి ఉన్నాయి. ఒక్క గింజైనా నోట వేసుకోలేదు. రెండు దొప్పలకూ చీమలు పట్టాయి.

"వచ్చినానవ్వా" అని చెన్నక్క ఘొల్లుమంది.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల దానిమ్మ తొక్క కోసం వచ్చినవాళ్ళు నిలబడి తీసుకుపోరు. ఎంత తొందరున్నా కూర్చుంటారు. ఇంటావిడ నాలుగు గింజలు చేతిలో పెట్టి, "ఎవురింటికి వచ్చినావమ్మా?" అని అడుగుతుంది.

వచ్చినావిడ గింజలు నోట్లో వేసుకుని చెబుతుంది: "ఓబుళవ్వ ఇంటికి."