అడుగున సింహం

సముద్రానికి రెండామడల దూరంలో గవ్వలకోట అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ముమ్మడి భూపతి మంచివాడే. కాకపోతే ఏదైనా కొత్త పిచ్చి పట్టుకుందంటే అది నెత్తికెక్కి కూర్చునేదాకా ఊరుకునేవాడు కాదు. ఎక్కినదాన్ని దించే పని ఎప్పుడూ జోగన్న మెడకే చుట్టుకునేది. జోగన్న ఆ కొలువులో విదూషకుడు.

ఒకసారి ఓడ దిగిన దొర ఒకడు రాజుగారికి పాతకాలపు వెండి భోజనసామాను అమ్మాడు. పళ్ళేలు, గిన్నెలు, చెంచాలు, అన్నీ ధగధగలాడుతున్నాయి. పళ్ళెం బోర్లిస్తే అడుగున వడ్లగింజంత ముద్రలు వరసగా ఉన్నాయి. నడుస్తున్న సింహం ఒకటి, చిరుతపులి తల ఒకటి, ఏ ఏడు చేశారో చెప్పే అక్షరం ఒకటి, చేసినవాడి గుర్తు ఒకటి. సింహం ఉందంటే వెండి మేలైనదని తమ దేశంలో కళ్ళు మూసుకుని కొంటారని దొర చెప్పాడు. అంతే, రాజుగారికి సింహం పట్టుకుంది.

ఆ రోజు నుంచి ఏ వస్తువు కనబడ్డా తిరగేసి అడుగు చూడటమే. పూజారి తీర్థం ఇవ్వబోతే పాత్ర తిరగేశాడు. పాయసం తింటూ తింటూ సింహం గుర్తొచ్చి పళ్ళెం ఎత్తి చూశాడు, పట్టుపంచె పాడైంది. చివరికి అతిథులకి ముద్రలు కనబడాలని విందులో పళ్ళేలు బోర్లించి వడ్డించమన్నాడు. తీరా అన్నం పెట్టేసరికి సింహం అన్నం కిందకే పోయింది. పులుసు మాత్రం నాలుగు వైపులా పారింది. పొరుగు రాజుగారు ఒళ్ళు తుడుచుకుంటూ మజ్జిగ దాకా ఆగకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ చాటుగా నవ్వుకుంటే సరిపోయేది. కానీ ఒకనాడు రాజుగారి చెయ్యి రాణి అచ్చమాంబ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెండి కంచాల మీద పడింది. ఒక్కదానికీ సింహం లేదు. మర్నాడు పొద్దున్నే కంసాలి కుంపటి పెట్టి వాటన్నిటినీ కరిగించాలని ఆజ్ఞ అయింది.

రాణి జోగన్నని పిలిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యగారూ, మా అమ్మ నాకు అన్నం కలిపి పెట్టిన కంచాలవి. నా బిడ్డల అన్నప్రాశనలు వాటిలోనే అయ్యాయి. కరిగిస్తే వెండి మిగులుతుంది గానీ కంచాలు మిగలవు కదా."

జోగన్న ఆవిడకి దణ్ణం పెట్టాడు. నేను చూసుకుంటానమ్మా అని చెప్పి నేరుగా కొలువుకి వెళ్ళి, రాజుగారి ముద్రాజ్ఞానాన్ని ఆకాశానికెత్తేశాడు. ఆ తర్వాత మెల్లిగా, ఈ నియమం ఒక్క వెండికేనా, మిగతావాటికీ వర్తిస్తుందా అని అడిగాడు.

రాజుగారు పొంగిపోయాడు. "అడుగున సింహం లేని దేనికీ నా కోటలో చోటు లేదు. వెతికి బయటపడేసే అధికారం నీకే ఇస్తున్నాను."

మర్నాడు కంసాలి కుంపటి రాజేస్తుండగా జోగన్న ఇద్దరు వస్తాదుల్ని వెంటబెట్టుకుని కొలువులోకి వచ్చాడు. ప్రభువులు ఒక్కసారి లేవాలని వినయంగా మనవి చేసి సింహాసనం బోర్లా పడేయించాడు. అడుగున సాలెగూడు తప్ప ఏమీ లేదు. చేతులకి రెండు పెద్ద సింహాలు చెక్కి ఉన్నాయిగా అని రాజుగారు గోల పెట్టాడు. అవి పక్కన ఉన్నాయి గానీ అడుగున లేవని జోగన్న విచారంగా తల ఊపాడు. సింహాసనం బయటికి పోయింది. దాని వెనకే కిరీటం పోయింది. దివానుగారి చెప్పులూ పోయాయి. బయట మావటివాళ్ళు పట్టపుటేనుగుని వెల్లకిలా పడుకోమని బతిమాలుతున్నారు.

అప్పుడు జోగన్న రాజుగారికి చేతులు జోడించాడు. "ఇక ఏలినవారి అడుగు చూడాలి."

రాజుగారు నోరు తెరిచేలోపు వస్తాదులు ఆయన్ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తారు. జోగన్న కళ్ళు చికిలించి రెండు పాదాలూ తేరిపార చూశాడు.

"ఒక ఆనికాయ ఉంది ప్రభూ. సింహం లేదు."

"ఒరే, నాకు ముద్రెందుకురా? పుట్టినప్పటి నుంచీ ఈ కోట నన్నెరుగును."

"ఆ కంచాల్నీ ఎరుగును ప్రభూ. దొరలు సముద్రాల అవతల ముక్కూ మొహం తెలియనివాళ్ళకి అమ్ముకోవాలి, అందుకని సింహాన్ని సాక్ష్యం పెట్టుకున్నారు. ఇంట్లో పెరిగిన కంచానికి సాక్ష్యమెందుకు?"

తలకిందులుగా ఉన్న రాజుగారి పొట్ట కదలడం మొదలైంది. అది నవ్వేనని తెలిశాక కొలువంతా ఊపిరి పీల్చుకుని తనూ నవ్వింది. నేల మీద నిలబెట్టగానే ఆయన చేసిన మొదటి పని కుంపటి ఆర్పించడం. ఆ పూట రాణి కంచాల్లోనే, తిన్నగా పెట్టిన కంచాల్లో, అందరికీ భోజనం వడ్డించారు.

చేతులు కడుక్కున్నాక రాజుగారు దొర సామానులోని అన్నిటికన్నా పెద్ద పళ్ళెం తెప్పించి జోగన్నకి బహుమానంగా ఇచ్చాడు. జోగన్న దాన్ని కళ్ళకద్దుకుని చంకన పెట్టుకున్నాడు.

"సింహం ఉందో లేదో చూసుకోవా?" అన్నాడు రాజుగారు.

"ఇచ్చింది తమరు కదా ప్రభూ. తమరి అడుగు పొద్దున్నే చూశాను."

ముమ్మడి భూపతి మళ్ళీ నవ్వాడు. ఈసారి ఎవరూ తలకిందులు చెయ్యకుండానే.